ఏనుగు మీద గుడ్లగూబ

"వంగు!" అని అరిచాడు ఉదయార్కుడు.

బొప్పన వంగలేదు. వంగుదామనే చూశాడు కానీ పొట్ట ఒప్పుకోలేదు. గుర్రం మెడను రెండు చేతులా కావలించుకుని కళ్లు మూసుకున్నాడు. వెనక నుంచి వచ్చిన బాణం అతని తలపాగాను ఊడబెరికి, దారి పక్కనున్న మద్దిచెట్టుకు గుచ్చేసి పోయింది.

"పోనీలెండి యువరాజా, పాత తలపాగాయే!" అన్నాడు బొప్పన రొప్పుతూ.

లోయ అడుగున రెండు గుర్రాలూ నిప్పులు రాల్చుకుంటూ పరుగెత్తుతున్నాయి. రెండు వైపులా ఆకాశాన్ని అంటిన కొండలు, వాటి నెత్తిన మిట్టమధ్యాహ్నపు ఎండ, రాతి పగుళ్లలోంచి వేలాడుతున్న ఎర్రని మోదుగుపూల గుత్తులు, ఎక్కడో పైనుంచి ముత్యాలు చల్లినట్టు రాలుతున్న సెలయేటి తుంపర. చూడటానికి తీరిక ఉన్నవాడికి ఎంతో అందమైన చోటు. వీళ్లకు ఆ తీరిక లేదు. వెనక గుడ్లగూబ జెండా పట్టుకున్న రౌతులు తరుముకొస్తున్నారు.

ఎందుకు తరుముతున్నారో చెప్పాలి కదా. కుంజరపుర రాజ్యాన్ని ఏలిన ధవళకీర్తి మహారాజును ఆయన మంత్రి ఘూకనేత్రుడు విషం పెట్టి చంపి సింహాసనం ఎక్కాడు. మంత్రిగిరీతో పాటు మంత్రవిద్య కూడా నేర్చిన ఘనుడు వాడు. యువరాజు ఉదయార్కుణ్ణి మాత్రం చంపలేదు. చంపితే జనం వీరుడని గుడి కడతారు, దొంగను చేస్తే వాళ్లే రాళ్లతో కొడతారు అని లెక్క వేసుకున్నాడు. చెరసాలలో ఉన్న కంటకుడనే బందిపోటును రప్పించి, ఇద్దరి ముఖాలూ గొంతులూ తారుమారు చేసేశాడు. ఇద్దరూ బతికి ఉన్నంతకాలమే ఆ మార్పును వెనక్కి తిప్పే వీలుంది. ఒకడు పోతే రెండోవాడికి పరాయి ముఖమే ఖాయం.

అందువల్ల ఈ వేళ గుర్రం మీద పోతున్న యువరాజుకు వంకాయంత ముక్కు, చిట్లిన పై పెదవి, ఎడమ కంటి కింది నుంచి గడ్డం దాకా ఒక కత్తిగాటు ఉన్నాయి. గొంతు ఎండిన తోలు గీసినట్టుంటుంది. అతను యువరాజని నమ్మినవాడు లోకం మొత్తం మీద ఒక్క బొప్పనే. రాజుగారి వంటశాలలో పెద్ద వంటవాడైన బొప్పన, ఘూకనేత్రుడికి పాయసం వడ్డిస్తూ ఆ తారుమారు సంగతి చెవులారా విన్నాడు, యువరాజును చెరసాల నుంచి తప్పించాడు. ఇంకో మాట కూడా విన్నాడు. మేఘదుర్గంలో తలదాచుకున్న రాకుమారి హంసావళి దగ్గరికి, అన్న ముఖంతో ఉన్న కంటకుణ్ణి పంపిస్తున్నారు. అన్ననే చూశాననుకుని ఆమె కోట తలుపు తీస్తుంది. తీసిందంటే ఘూకనేత్రుడితో బలవంతపు పెళ్లి. ఆ పెళ్లి జరిగిందంటే రాజ్యానికి వాడే హక్కుదారు.

కంటకుడి కన్నా ముందు చెల్లెల్ని చేరుకోవాలి. ఉదయార్కుడికి ఆ పూట తెలిసిన పని అదొక్కటే.

లోయ ఒక మలుపు తిరిగింది. ఎదురుగా నల్లరాతి తోరణం.

రెండు కొండల్ని కలిపి పట్టుకున్న ఆ తోరణం మీద సింహాలు, మకరాలు, తీగలు మెలికలు తిరిగి ఉన్నాయి. దాని కింద పచ్చల కుండలాలు, పగడాల హారాలు, జ్వాలల జుట్టు ధరించి, కొండంత పొట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు నికషుడనే యక్షుడు. అంతటి దేహానికి చేతిలో ఉన్న త్రాసు మాత్రం కంసాలి త్రాసంత చిన్నది. మేఘదుర్గానికి వేరే దారి లేదు. నిజమైన మాడ, అంటే బంగారు నాణెం, ఇచ్చినవాడికి నికషుడు దారి ఇస్తాడు, దొంగ మాడ ఇచ్చినవాణ్ణి రాయి చేస్తాడు. తోరణపు నీడలో ఆయుధం ఎత్తినా, ఆ నీడలోకి బాణం వేసినా ఆ చెయ్యి అక్కడికక్కడే రాయవుతుంది కనుక, తరుముకొచ్చిన రౌతులు నీడకు ఇవతలే కళ్లేలు బిగించారు.

"బతికాం!" అంటూ బొప్పన గుర్రం మీంచి జారి, మొలలోంచి ఒక మాడ తీసి యక్షుడి చేతిలో పెట్టేశాడు.

"ఆగు బొప్పనా!" అన్నాడు ఉదయార్కుడు. అప్పటికే ఆలస్యమైంది.

బొప్పన కాళ్లు మోకాళ్ల దాకా బూడిదరంగు రాయిగా మారాయి. అతను కెవ్వుమన్నాడు.

"అరవకు నాయనా, నొప్పి ఉండదు," అంది పక్కనుంచి ఎవరో ముసలావిడ. అప్పుడు చూశారు ఇద్దరూ. తోరణం ముందు మైదానం నిండా మోకాళ్ల దాకా రాయైన మనుషులే. ఇద్దరు వర్తకులు నేల మీద గీతలు గీసుకుని పులీమేకా ఆడుకుంటున్నారు. డప్పులవాళ్లు డప్పుల మీద తలలు ఆనించి కునుకు తీస్తున్నారు. ఒక పెళ్లివారి గుంపు మొత్తం ఇరుక్కుంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, మధ్యలో పురోహితుడు, వెనక అలిగిన మేనమామలు.

"యక్షేంద్రా, ఇదేం న్యాయం? పూర్తిగా రాయీ చేయరు, దారీ ఇవ్వరు," అన్నాడు ఉదయార్కుడు.

నికషుడు పెద్దగా నిట్టూర్చాడు. ఆ గాలికి పెళ్లికూతురి కొంగు ఎగిరింది. "నా బాధ ఎవరికి చెప్పుకోను మానవా? ఇదిగో, వీళ్లంతా తెచ్చిన మాడలు చూడు."

చూడక్కర్లేదు, ఉదయార్కుడికి తెలుసు. కొత్త రాజు వస్తే పాత మాడలను కరిగించి కొత్త ముద్రతో పోయించడం ఆ దేశపు ఆనవాయితీ. కానీ మాడలు పోసే టంకశాల పనివాళ్లంతా ఘూకనేత్రుడి పేరు వింటూనే అడవుల్లోకి పారిపోయారు. ఓపిక లేని మంత్రగాడు గుడ్లగూబ అచ్చూ సుత్తీ సైనికుల చేతికే ఇచ్చి, ధవళకీర్తి మహారాజు ఏనుగు ముద్ర మీదే దబదబా కొట్టించాడు. కొట్టని ఏనుగు మాడ ఎవరింట్లో దొరికినా చేతులు నరికించాడు. వంటవాళ్లు కూడా అంతకన్నా ఓపికగా వడలు తడతారు. ప్రతి మాడ మీదా వంకరగా ఒక గుడ్లగూబ, దాని రెక్క కింది నుంచి బయటికి చూస్తూ ఏనుగు తొండం కొస.

"ఇది నిజమైన మాడా, దొంగ మాడా? నాకు తేలడం లేదు," అన్నాడు నికషుడు. "తేలేదాకా మోకాళ్ల దాకా!"

ఉదయార్కుడు తన మొలలోని మాడ తీశాడు. అతను తొలిసారి కత్తి పట్టిన రోజున తండ్రి తన చేతితో అరచేతిలో పెట్టిన మాడ అది. ఘూకనేత్రుడు దాన్నీ వదల్లేదు. చెరసాలలో యువరాజు కళ్లెదుటే దాని మీద గుడ్లగూబను కొట్టి, "ఇప్పుడు నువ్వూ నీ మాడా ఒకటే!" అని మొహాన విసిరాడు.

"నేను తేలుస్తాను," అన్నాడు ఉదయార్కుడు. "తేల్చలేకపోతే నన్ను పూర్తిగా రాయి చేయండి."

"యువరాజా!" అన్నాడు బొప్పన.

"నువ్వుండు. యక్షేంద్రా, మాడ నిజమైనదని దేన్ని బట్టి అంటారు?"

"బంగారాన్ని బట్టి అనుకున్నాను మొదట. కానీ ముద్ద బంగారం తెచ్చినవాడికి నేను ఏనాడూ దారి ఇవ్వలేదు. నాకు మాడ కావాలి, ముద్ద కాదు."

"అయితే ముద్రను బట్టా?"

"ముద్ర అంటావా, పైన గుడ్లగూబ. దానికి పట్టాభిషేకం ఎవరు చేశారు? నా దగ్గరికైతే కబురు రాలేదు. పోనీ ఏనుగు అందామంటే తొండం తప్ప ఏమీ మిగల్లేదు. తల పగిలిపోతోందయ్యా!"

పులీమేకా ఆడుతున్న వర్తకులు ఆట ఆపి ఇటు తిరిగారు. ఉదయార్కుడు మాడను ఎండకు పట్టాడు.

"రాజు మాడ మీద ఏనుగును ఎందుకు కొట్టాడు? అందానికా? 'ఇందులో ఇంత మంచి బంగారం ఉంది, దీనికి నాది పూచీ' అని అందరికీ మాట ఇచ్చాడు. మీరు ఎవరికో మాట ఇచ్చారనుకోండి. ఇంతలో నేను వచ్చి గొంతు చించుకుని అరిచాను. మీ మాట పోయిందా?"

"పోదు కానీ వినబడదు."

"వినబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. మాట వెనక్కి తీసుకోగలిగినవాడు ఇచ్చినవాడొక్కడే. పైన ఎవరెన్ని సుత్తిదెబ్బలు కొట్టినా అది రద్దు కాదు."

"ఎవడైనా మాడను సగానికి నరికి తెస్తేనో?" అన్నాడు నికషుడు కళ్లు చికిలించి. "చిల్లు పొడిచి పిల్ల మెడలో కట్టి, తరువాత నా దగ్గరికి తెస్తేనో? అదీ నిజమైనదేనా?"

"నరికితే బంగారం తగ్గింది, రాజు పూచీపడ్డంత అందులో లేదు. కాదనండి. చిల్లు పెట్టినా పోయినంత మేర అడగండి. ఈ మాడ మొహం పగిలింది, అంతే. తూకం తగ్గలేదు, కావాలంటే తూచుకోండి. ఇంకో మాట. ఘూకనేత్రుడు తన గుడ్లగూబను రాగిరేకు మీద కొట్టుకోవచ్చు, ఏనుగు మాడనే ఎందుకు వెతుక్కున్నాడు? ఒక్కదాన్నైనా గీటురాయి మీద గీసి చూశాడా? ఏనుగు ఉన్నచోట మంచి బంగారం ఉంటుందని వాడికీ నమ్మకమే. ఏనుగు వీపు మీద తప్ప ఆ గుడ్లగూబకు కూర్చునే చోటు లేదు యక్షేంద్రా!"

పెళ్లివారిలోంచి ఎవరో "భేష్!" అన్నారు. నికషుడు ఆ మాడను త్రాసులో వేశాడు. ముల్లు సరిగ్గా నిలబడింది. అతని మొహం విప్పారింది, తీర్పు చెప్పడానికి కుడిచెయ్యి పైకి లేచింది.

సరిగ్గా అప్పుడే కొమ్ము ఊదారు. రౌతులు పక్కకు తప్పుకున్నారు. వాళ్ల మధ్య నుంచి తెల్లగుర్రం మీద, పట్టుబట్టలతో, రత్నాల కిరీటంతో వచ్చాడు యువరాజు ఉదయార్కుడు. అంటే, ఆ ముఖం పెట్టుకున్న కంటకుడు.

తన ముఖం తనకే ఎదురొస్తే ఎవరికైనా ఇబ్బందే. ఉదయార్కుడికి కోపం కన్నా ముందు, నా మీసం ఇంత పలచగా ఉంటుందా అన్న అనుమానం వచ్చింది.

"ఓయ్ యక్షా! ఆ బందిపోటుతో ముచ్చట్లేమిటి? నేను కుంజరపుర యువరాజును. మా చెల్లెలి దగ్గరికి పోవాలి, జరుగు!" అంటూ కంటకుడు ఒక మాడ విసిరాడు. గొంతు యువరాజుదే కానీ మాటతీరు మాత్రం దారికాచేవాడిదే.

నికషుడు దాన్ని గాలిలో అందుకుని ఉలిక్కిపడ్డాడు. మాడ ధగధగ మెరుస్తోంది. దాని మీద తొండం ఎత్తిన నిండు ఏనుగు, ఒక్క గీత చెరగలేదు, ఒక్క దెబ్బ లేదు. త్రాసులో వేస్తే తూకం సరి. గీటురాయి మీద గీస్తే మేలిమి బంగారం.

"ఎన్నాళ్లకు! ఎన్నాళ్లకు శుభ్రమైన ఏనుగును చూశాను!" అని యక్షుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పొట్ట పక్కకు జరిపాడు. దారి తెరుచుకుంది.

ఆ మాడలో మోసం ఎక్కడుందో ఉదయార్కుడికి చూడగానే తెలిసింది. చెబితే ఏమవుతుందో కూడా తెలిసింది. కంటకుడు రాయవుతాడు. వాడితో పాటు ఆ ముఖమూ రాయవుతుంది, ఇక ఎన్నటికీ తిరిగి రాదు. బొప్పనకు కూడా అదే తట్టింది కాబోలు, "వద్దు యువరాజా! ముఖం! ముఖం!" అని గింజుకున్నాడు.

తెల్లగుర్రం తోరణం కిందికి అడుగు పెట్టింది. పైన మేఘదుర్గపు బురుజు మీద ఒక చిన్న ఆకారం ఆత్రంగా చెయ్యి ఊపుతోంది. అన్నయ్య వచ్చాడని ఆమె సంబరం.

"యక్షేంద్రా! ఆ మాడ అంచు మీద బొటనవేలు రాయండి!" అన్నాడు ఉదయార్కుడు.

నికషుడు రాశాడు. వేలు తెగి నెత్తురు చిమ్మింది.

"అది నీకు ఎవరిచ్చారు?" అని కంటకుణ్ణి అడిగాడు ఉదయార్కుడు.

"మా నాన్నగారు. చిన్నప్పుడు," అన్నాడు వాడు గర్వంగా.

"విన్నారా? చిన్నప్పుడిచ్చిన మాడ ఇంకా చెయ్యి కోస్తోంది! ఏళ్ల తరబడి మొలలో తిరిగిన మాడ అంచు గులకరాయిలా అరిగి ఉండాలి. ఇది నిన్నో మొన్నో కొట్టింది. బంగారం మంచిదే. అచ్చు కూడా అసలు ఏనుగు అచ్చే, టంకశాలలో దోచుకున్నది. కానీ మహారాజు కన్నుమూశాక ఆ అచ్చును ఎత్తి కొట్టిన చేతికి పూచీపడే హక్కు ఎవరిచ్చారు? చచ్చినవాడి పేరు చెప్పి ఎవడో మాట ఇస్తున్నాడు. ఆ అందమైన ఏనుగు వెనక మాటిచ్చిన రాజే లేడు."

నికషుడి జ్వాలల జుట్టు నిటారుగా లేచింది.

"మాడ ఇచ్చినవాడా, దీనికి నువ్వు పూచీపడతావా?" అని ఉరిమాడు.

కంటకుడు కత్తి దూశాడు. ముందు చెయ్యి రాయైంది, తరువాత భుజం, తరువాత రొమ్ము. గుర్రం బెదిరి వాణ్ణి కింద పడేసి పారిపోయింది. మాడ ఇచ్చింది అది కాదు కనుక దానికేమీ కాలేదు. చివరగా ముఖం బిగుసుకుంది, నోరు తెరిచి ఉండగానే.

ఉదయార్కుడు దగ్గరికి వెళ్లి ఆ రాతి చెంపను చేత్తో తడిమాడు. బాధ కలిగింది. కలగలేదంటే అబద్ధం. అతని తల్లి ముద్దాడిన ముఖం అది, తండ్రి పోలిక అదొక్కటే మిగిలింది. "సరే, పోనీ," అని వెనక్కి తిరిగాడు.

"తీర్పు వినండి!" అన్నాడు నికషుడు లోయ దద్దరిల్లేలా. "గుడ్లగూబ కింద ఏనుగు ఉన్న మాడ నిజమైన మాడే! చెల్లుతుంది!"

టపటపమని మోకాళ్లకు ప్రాణం వచ్చింది. డప్పులు మోగాయి. మేనమామలు అలక మరిచి గంతులేశారు. బొప్పన తన పిక్కలను తానే ముద్దు పెట్టుకోబోయి, పొట్ట అడ్డం రావడంతో మానుకున్నాడు.

ఆ సందడిలో రౌతుల నాయకుడు పగలబడి నవ్వాడు. "విన్నార్రా? గుడ్లగూబ మాడ చెల్లుతుందట! మన సంచుల నిండా అవేగా! దిగండి, తీయండి!"

ఇది ఉదయార్కుడు ఆలోచించలేదు.

"తీర్పు తీర్పే," అన్నాడు నికషుడు మొహమాటంగా. "నీకు చెల్లింది వాళ్లకు చెల్లదని ఎలా అనను?"

"అనొద్దు. కానీ అంచు తడమండి, గీసి చూడండి, తూచండి. ప్రతి మాడనూ."

"చూడకుండా తీసుకుంటానా!" అని యక్షుడు తన చిన్న త్రాసును ముద్దుగా తుడుచుకున్నాడు.

"వరస! వరస! ముందొచ్చినవాళ్లు ముందు!" అని బొప్పన వంటశాల గొంతుతో అరిచి, పెళ్లివారినీ వర్తకులనూ డప్పులవాళ్లనూ రౌతుల ముందుకు నెట్టాడు. "పెళ్లికూతురు అయ్యాకే ఎవరైనా! యువరాజా, మీరు పరుగెత్తండి!"

ఉదయార్కుడు పరుగెత్తాడు. కొండ చుట్టూ పాములా మెలికలు తిరిగిన మెట్లు. ఒక పక్క లోయ, ఒక పక్క ముళ్లపొదలు. మెట్లు విరిగినచోట ఊడలు పట్టుకుని దూకాడు. పైన తెల్లని మబ్బుల్లో తేలుతున్నట్టు మేఘదుర్గం, పాలరాతి బురుజులు, బంగారు కలశాలు, గాలికి రెపరెపలాడుతున్న ఏనుగు జెండా. చివరి మెట్టు ఎక్కి కోట గుమ్మం ముందు నిలబడ్డాడు. గుండెలు ఎగిరెగిరి పడుతున్నాయి. చెల్లెలు క్షేమంగా ఉంది. అతనికి నవ్వు ఆగలేదు.

"అక్కడే ఆగు!"

బురుజు మీద హంసావళి. జుట్టు విరబోసుకుని ఉంది, ఏడ్చిన కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతిలో విల్లు.

"హంసా..." అన్నాడు. కంటకుడి గొంతు గరగరమంది.

"నా పేరు ఎత్తకు! కంటకా, నీ ముఖం ఈ దేశంలో తెలియనిదెవరికిరా? మా అన్నయ్య నా కోసం వచ్చాడు. నేను చెయ్యి ఊపాను కూడా. నా కళ్లెదుట అన్నయ్యను రాయి చేయించావు. చేయించి, నవ్వుకుంటూ నా గుమ్మానికి వస్తావా?"

యక్షుణ్ణి ఒప్పించిన నాలుకే అది, కానీ గొంతు కంటకుడిది. ఏం చెప్పినా బందిపోటు చెప్పినట్టే ఉంటుంది. బొప్పన ఎక్కడో కింద, మెట్ల మలుపులో, రొప్పుతూ ఉన్నాడు. అతని వెనక గుడ్లగూబ జెండా అప్పుడే ఒకటి పైకి కదిలింది.

హంసావళి నారి లాగింది. చెవి దాకా లాగింది. మోచెయ్యి మాత్రం భుజం కన్నా ఎత్తున, కోడిపెట్ట రెక్కలా లేచింది. విల్లు పట్టిన నాటి నుంచీ ఆమెది అదే తప్పు. ఎన్ని పొద్దుటిపూటలు ఆ మోచేతిని బెత్తంతో కిందికి నొక్కాడో ఉదయార్కుడు. ప్రాణం పోబోతోందన్న సంగతి మరిచి, ఒళ్లు మండిపోయి, అరిచాడు.

"మోచెయ్యి దించవే! ఎన్నిసార్లు చెప్పాలి నీకు!"

బాణం అప్పటికే వచ్చేసింది. గురి తప్పి అతని చెవి తమ్మెను చీల్చుకుని, వెనకున్న లోయలో పడింది. నెత్తురు మెడ మీదికి కారింది. అతను కదల్లేదు.

బురుజు మీద హంసావళి కొయ్యబారిపోయింది. ఆమె చూపు అతని ముఖం మీద ఆగింది. తరువాత అతని భుజం మీదుగా, మెట్లెక్కి దూసుకొస్తున్న మొదటి రౌతు మీద ఆగింది. మళ్లీ ముఖం మీదికి వచ్చింది.

రెండో బాణం తీసి రౌతు వైపు సంధించింది. ఈసారి మోచెయ్యి దించింది.